తొమ్మిదిని ఎనిమిది చేయడం: హైదరాబాద్ పేరు మోసిన ఒక స్పిట్‌ఫైర్ మోడల్ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, అదీ ఇంత వానలో, ఇక్కడిదాకా వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. నేను చూపించబోయేది అరచేతిలో ఒదిగే వస్తువు, అంత దూరం నుంచి మీకు కనపడదు.

ఇదిగోండి. ఇది స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లు నడిపిన యుద్ధవిమానం. అందులో మార్క్ ఎయిట్ అనే రకం. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి 156 మిల్లీమీటర్లు. అసలు విమానానికి అది 11.23 మీటర్లు. 72తో భాగించి చూడండి, సరిపోతుంది. దీన్నే 1/72 స్కేల్ అంటాం. ఈ డెబ్బై రెండు ఎక్కణ్ణుంచి వచ్చిందని చాలామంది అడుగుతుంటారు. లెక్క చాలా సులువు. అంగుళానికి ఆరడుగులు. అంటే ఆరడుగుల మనిషి ఈ లోకంలో సరిగ్గా అంగుళం ఎత్తు ఉంటాడు. అడుగులు, అంగుళాల్లో కొలిచే ఇంగ్లండ్‌లో పుట్టిన లెక్క ఇది. 1936లో అక్కడ ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ అనే పేరుతో ప్లాస్టిక్ విమానాల కిట్లు ఈ స్కేల్‌లోనే తెచ్చింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ తన మొదటి విమానం కిట్ తెచ్చింది. అది కూడా స్పిట్‌ఫైరే. అప్పటినుంచీ ఈ సరదా ఉన్నవాళ్లలో చాలామంది జీవితంలో మొదటి కిట్ స్పిట్‌ఫైరే అవుతూ వచ్చింది. నాదీ అదే. మా మేనమామ ఊరి నుంచి వస్తూ తెచ్చిచ్చాడు. ఆ రాత్రే అతికించేశాను, మర్నాటికి బంక మరకలతో నిండిపోయింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

కానీ ఇవాళ మాట్లాడేది కిట్‌లో ఉన్నది ఉన్నట్టు అతికించడం గురించి కాదు. కిట్‌లో లేని విమానాన్ని ఆ కిట్‌లోంచే తీయడం గురించి. మా వాళ్లు దీన్ని కన్వర్షన్ అంటారు. నా చేతిలో ఉన్నది పెట్టె తెరిచిన రోజున మార్క్ నైన్. ఎనిమిది నెలలు పట్టింది దాన్ని ఎయిట్ చేయడానికి.

తొమ్మిది తర్వాత ఎనిమిది ఏంటి అని మీకు అనిపించవచ్చు. చరిత్రలో జరిగింది అదే. 1941 చివర్లో జర్మన్ల ఫాక్‌వుల్ఫ్ 190 వచ్చేసరికి, బ్రిటిష్ వాళ్ల దగ్గరున్న స్పిట్‌ఫైర్ మార్క్ ఫైవ్ దాని ముందు తేలిపోయింది. రెండంచెల సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం) ఉన్న కొత్త మెర్లిన్ ఇంజిన్ సిద్ధంగా ఉంది. ఆ ఇంజిన్‌కి తగ్గట్టు విమానం మొత్తాన్ని శ్రద్ధగా మళ్లీ డిజైన్ చేస్తే వచ్చేది మార్క్ ఎయిట్. అందుకు టైం కావాలి. యుద్ధం ఆగదు కదా. అందుకని ఉన్న మార్క్ ఫైవ్ శరీరానికే ఆ ఇంజిన్ తగిలించి, తాత్కాలికంగా మార్క్ నైన్ అన్నారు. 1942లో నైన్ ముందు రంగంలోకి దిగింది. తాత్కాలికం అనుకున్నది ఐదు వేలకు పైగా తయారైంది. తీరిగ్గా, పద్ధతిగా డిజైన్ చేసిన ఎయిట్ 1943లో వచ్చింది. సుమారు 1,650 తయారయ్యాయి. ఇంగ్లండ్‌లోని దళాలకు దాదాపుగా ఇవ్వలేదు. మధ్యధరా ప్రాంతానికి, ఆస్ట్రేలియాకి, మన పక్కనున్న బర్మాకి పంపారు. స్పిట్‌ఫైర్ నడిపిన పైలట్లలో చాలామంది అన్నిట్లోకీ చక్కగా ఎగిరేది ఇదేనని మెచ్చుకున్నారు.

బర్మాకి వెళ్లినవాటిలో కొన్ని మన ఊరి పేరు మోశాయి. నాకు ఈ మోడల్ మీద పట్టుదల అక్కడే మొదలైంది.

బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152 నంబర్ స్క్వాడ్రన్ అని ఉండేది. దాని పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుకు గుర్తుగా పెట్టిన పేరు. 1940లో బ్రిటన్ యుద్ధం, అంటే జర్మన్ విమానాల దాడిని ఇంగ్లండ్ ఆకాశంలో ఎదుర్కొన్న పోరు, జరిగేటప్పుడు ఈ దళం ఇంగ్లండ్ దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో ఎగిరింది. దాని అధికారిక ముద్రలో ఉండేది నిజాం తలపాగా. కింద రాసిన మాట 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థం వచ్చేది. ఇదొక్కటే కాదు. 253 స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్టేట్ అని పేరు, అది హరికేన్ యుద్ధవిమానాలు నడిపింది. అంతకుముందు, మొదటి ప్రపంచయుద్ధంలో, 110 స్క్వాడ్రన్‌కి డిహెచ్ 9ఏ బాంబర్లు నిజాం ఇచ్చినవే. ఆ విమానాల మీద ఆయన కానుక అని రాసి ఉండేది. వాటిలో ఒకటి, ఎఫ్1010, జర్మన్లకు చిక్కింది. ఆ తర్వాత బెర్లిన్‌లో, పోలండ్‌లో ఉండి, చివరికి లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకి చేరింది. ఇప్పటికీ అక్కడ ఉంది.

నిజాం డబ్బు అన్నాను. ఆ డబ్బు ఎవరిది? నల్గొండలో, వరంగల్‌లో, పాలమూరులో, అటు మరఠ్వాడాలో, బీదర్‌లో శిస్తు కట్టిన రైతులది. మా తాతయ్య భువనగిరి దగ్గర ఐదెకరాలు సాగుచేసినాయన. ఆయన జీవితంలో విమానాన్ని దగ్గరగా చూసి ఉండడు. ఆయన కట్టిన రూపాయిలో ఒక పైసా ఏ మూలో ఆ రెక్కల్లోకి వెళ్లిందేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అందుకే ఈ దళం విమానమే చేయాలనుకున్నాను.

1943 చివర్లో 152 స్క్వాడ్రన్ బర్మా రంగానికి వచ్చింది. అక్కడ వాళ్లు నడిపిన మార్క్ ఎయిట్ల మీద ఒక బొమ్మ వేసుకున్నారు. విమానం పక్కన ఉండే, ఏ దేశానిదో చెప్పే గుండ్రటి గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుత. ఆ ఫోటో ఒకసారి చూస్తే మర్చిపోలేం. దాని గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం.

ముందుగా ఒక మాట. ఈరోజు మార్క్ ఎయిట్ కిట్లు బజార్లో దొరుకుతాయి. 1/72లో ఉన్నాయి, 1/48లో ఉన్నాయి, టమియా వాళ్లది 1/32లో పెద్దది ఉంది. మరి ఎందుకు కోసుకోవడం? నేను మొదలుపెట్టినప్పుడు నా అల్మరాలో ఉన్నది నైన్ ఒక్కటే, అది ఒక కారణం. అసలు కారణం వేరు. రెడీమేడ్ ఎయిట్ అతికించి ఉంటే ఎయిట్‌కీ నైన్‌కీ తేడా నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. కోసి చూశాక ఆ విమానంలో ప్రతి వంపు ఎందుకుందో తెలిసింది. పాత రోజుల్లో ఒక కంపెనీ ఒక మార్క్ కిట్ మాత్రమే తెచ్చేది. కావలసినవాళ్లు రంపం పట్టుకుని మిగతావి చేసుకునేవాళ్లు. ఆ తరం పెద్దవాళ్ల మోడళ్లు చూస్తే వాళ్లకి విమానం ఎంత బాగా తెలుసో తెలుస్తుంది. నేను నేర్చుకున్నది వాళ్ల దారిలోనే.

తేడాలు నాలుగైదు. ముక్కు దగ్గర పెద్దగా తేడా లేదు. ఇంజిన్ ఒకే కుటుంబం, నాలుగు రెక్కల ప్రొపెల్లర్ ఒకటే. రెక్కల కింద రెండు వైపులా సమానంగా ఉండే రేడియేటర్లు కూడా ఒకటే. ముక్కు కింద గాలి పీల్చే గొట్టం మాత్రం ఎయిట్‌లో పొడుగ్గా ముందుకు వస్తుంది, అందులో దుమ్ము ఆపే ఫిల్టర్ ఉంటుంది. అంతకుముందు ఎడారికి వెళ్లిన మార్క్ ఫైవ్‌లకి గడ్డం కింద పెద్ద గంప కట్టినట్టు ఫిల్టర్ ఉండేది, దానివల్ల వేగం తగ్గేది. ఎయిట్‌లో అదే పని సన్నగా, అందంగా చేశారు. దీన్ని ప్లాస్టిక్ రాడ్ అరగదీసి ఒక సాయంత్రంలో చేసేశాను.

ఇక రడ్డర్, అంటే విమానాన్ని పక్కలకి తిప్పడానికి తోక నిలువు భాగంలో కదిలే పలక. నా కిట్‌లో తొలి నైన్‌ల గుండ్రటి రడ్డర్ ఉంది. ఎయిట్లలో ఎక్కువ వాటికి పై కొస మొనదేలి, వెడల్పుగా ఉంటుంది. ముందు ముక్కు పొడుగైంది, ప్రొపెల్లర్‌కి నాలుగు రెక్కలొచ్చాయి. ముందు బలం పెరిగితే వెనక నిలబెట్టే బలం కూడా పెరగాలి కదా. పాత రడ్డర్‌ని కీలు గీత దగ్గర కోసేసి, అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీట్లు రెండు అతికించి కొత్తది చెక్కాను. ఇక్కడ ఒక సంగతి. అసలు రడ్డర్‌కి పైన గుడ్డ ఉంటుంది, లోపలి పక్కటెముకలు ఆ గుడ్డ మీద లేతగా కనపడతాయి. కిట్లలో వాటిని చెరుకు గడ కణుపుల్లా ఎత్తుగా పోస్తారు. గుడ్డ బిగుతుగా లాగి కడతారు, మధ్యలో అంత కుంగదు. నేను సన్నటి టేపు ముక్కలు పెట్టి, మీద నాలుగు పొరలు ప్రైమర్ కొట్టి, టేపు తీసేసి, అరగదీశాను. వెలుతురు పక్కనుంచి పడితే తప్ప కనపడకూడదు. అలాగే వచ్చింది.

తర్వాత తోక చక్రం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

నైన్‌లో తోక చక్రం ఎప్పుడూ బయటే వేలాడుతుంది. ఎయిట్‌లో లోపలికి ముడుచుకుంటుంది, రెండు చిన్న తలుపులు మూసుకుంటాయి. గాలి అడ్డు తగ్గాలని ఆ ఏర్పాటు. ఢిల్లీ పాలంలో ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి వెళ్లినప్పుడు అక్కడున్న స్పిట్‌ఫైర్ తోక దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అది ఎయిట్ కాదు, తర్వాతి రకం, మార్క్ ఎయిటీన్. కానీ ఎయిట్ వంశంలోదే, ఆ ముడుచుకునే తోక చక్రం దానికీ ఉంది. తలుపులు చూశాను. పల్చటి రేకు. శరీరం అక్కడ సన్నబడుతూ వెనక్కి పోతుంటే ఆ వంపునే తలుపు కూడా తీసుకుంటుంది. తెరిచి ఉంటే రెండు దోసిళ్లు విడదీసినట్టు ఉంటాయి. అప్పటిదాకా నేను చదునైన షీట్‌తో చేద్దామనుకున్నాను. చూశాక ఆ ఆలోచన మానేశాను.

1/72లో ఆ గది పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ముందు అడుగున పెన్సిల్‌తో గీసి, గీత లోపల వరుసగా సన్న డ్రిల్‌తో రంధ్రాలు పెట్టి, బ్లేడు కత్తితో కలిపాను. అంచులు చిన్న ఆకురాయితో సరిచేశాను. కోతంతా గీతకి లోపలే ఉండాలి. తక్కువ కోస్తే ఇంకొంచెం తీయొచ్చు, ఎక్కువ కోస్తే లప్పం పెట్టుకోవాలి. తలుపులకి ప్లాస్టిక్ షీట్ లావైపోయింది. పావు మిల్లీమీటరు షీట్ అంటే అసలు కొలతలో 18 మిల్లీమీటర్ల మందం. విమానానికి అంత లావు తలుపు ఎక్కడైనా ఉంటుందా? చివరికి కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించాను. ఆ అల్యూమినియం పదో వంతు మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని బాల్‌పెన్ రీఫిల్ మీద పెట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే ఆ దోసిలి వంపు వచ్చేసింది. ఇదిగో, దగ్గరికి వచ్చి చూడండి. గట్టిగా ఊపిరి వదలకండి, అంతే.

ఇక్కడే నా వల్ల ఒక తప్పు జరిగింది. మీరు చేయకూడదని చెప్తున్నాను. ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌కి అతికించే లిక్విడ్ సిమెంట్ అంటే నిజానికి బంక కాదు. అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగిస్తుంది, రెండు ముక్కలూ ఒకటైపోతాయి. సందు దగ్గర బ్రష్ ఆనిస్తే చాలు, దానంతటదే లోపలికి పాకుతుంది. కానీ అది లోహాన్ని పట్టుకోదు. అల్యూమినియం తలుపులకి సూపర్‌గ్లూ వాడాలి. సూపర్‌గ్లూ ఆరేటప్పుడు ఒక ఆవిరి వదులుతుంది, అది అద్దం లాంటి ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుంది. నాకు తెలియక కాదు, తెలుసు. కానీ పైన కెనోపీ, అంటే పైలట్ మీద ఉండే అద్దం లాంటి కప్పు, అప్పటికే అతికించేశాను. తోక దగ్గర అంటించేది కదా, అంత దూరం పోతుందా అనుకున్నాను. శరీరం లోపల బోలు. గది తలుపు దగ్గర పుట్టిన ఆవిరి లోపల గొట్టంలో పోయినట్టు పోయి కాక్‌పిట్‌లోకి చేరింది. పొద్దున లేచి చూస్తే కెనోపీ లోపలి వైపు మంచు పట్టినట్టు ఉంది. బయటి వైపు పడితే టూత్‌పేస్ట్‌తో మెల్లగా రుద్దితే పోతుంది. లోపలికి చేయి పోదు. రెండు రోజులు దాని జోలికి పోలేదు. మూడో రోజు బ్లేడు కొస దూర్చి, కెనోపీ విరగకుండా ఊడదీసి, తుడిచి, మెరుగు పెట్టి మళ్లీ పెట్టాను. అప్పటినుంచి కెనోపీ పెట్టడం నా వరుసలో ఆఖరు పని. కాక్‌పిట్ వెనక గోడలో సందులన్నీ ముందే మూసేస్తాను.

రెక్కల దగ్గర ఒక చిన్న మార్పు ఉంది, చూసేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు. ఎయిట్‌లో ఎయిలరాన్, అంటే రెక్క వెనక అంచులో కదిలే పలక, పొట్టిది. బయటి వైపు కొసలో సుమారు 20 సెంటీమీటర్లు తగ్గించారు. మన స్కేల్‌లో అది మూడు మిల్లీమీటర్ల లోపే. నేను పాత గీతని లప్పంతో నింపి, ఎండాక వాటర్ పేపర్‌తో తడిగా అరగదీసి, మూడు మిల్లీమీటర్ల లోపలికి కొత్త గీత గీశాను. ఎందుకింత శ్రమ అంటారా? ఆ గీత లేకపోతే అది ఎయిట్ కాదు. తోక మారిన నైన్ అవుతుంది.

గీతలంటే గుర్తొచ్చింది. కిట్ల మీద రేకుల అతుకులు గీతలుగా తవ్వి ఉంటాయి. చాలామంది వాటిలోకి నల్ల రంగు పోసి మరీ చూపిస్తారు. పాలంలో నేను ఆ స్పిట్‌ఫైర్ రెక్క అంచున చెంప ఆనించినంత దగ్గరగా వంగి చూశాను. అతుకులు వెంట్రుకంత. మోడల్ మీద గీత వెడల్పు పావు మిల్లీమీటరు ఉంటే అసలు విమానం మీద దాదాపు రెండు సెంటీమీటర్ల కాలువ అన్నమాట. యుద్ధవిమానం అలా ఉండదు. నేను రెక్క మీద సగం గీతలు ప్రైమర్‌తో మూసేశాను. మిగిలినవి కూడా లేతగా ఉంచాను. మొదటిసారి చూసినవాళ్లు "బోసిగా ఉంది" అంటారు. నాకు మాత్రం అలాగే సరైనదిగా తోస్తుంది.

స్పిట్‌ఫైర్ రెక్క గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. 1936 మార్చి 5న మొదటి స్పిట్‌ఫైర్ ఎగిరింది. దాన్ని రూపొందించిన ఆర్.జె. మిచెల్ మర్నాటి ఏడాదే, 1937లో, క్యాన్సర్‌తో పోయాడు. నలభై రెండేళ్లు. తన విమానం యుద్ధంలో ఏం చేసిందో చూడలేదు. ఆ కోడిగుడ్డు వంపు రెక్క ఆయన బృందం గీసినదే. ఆ వంపులో ఎక్కడా సూటి గీత లేదు. అరగదీసేటప్పుడు పేపర్‌ని చెక్క ముక్కకి చుట్టి రుద్దితే వంపు మీద చదును మచ్చలు పడతాయి. అందుకని నేను మెత్తటి స్పాంజ్ ముక్కకి చుట్టి, కొస నుంచి మొదలు దాకా ఒకే తీరుగా లాగుతాను. అతికించేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెక్కలు రెండూ పైకి ఆరు డిగ్రీలు లేచి ఉండాలి. ఒకటి అయిదు, ఒకటి ఏడు ఉంటే ఎంత రంగు వేసినా అది కుంటి పక్షిలా కనపడుతుంది. అట్టముక్కలతో కోణం కత్తిరించుకుని, రెక్కల కింద పెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేస్తాను.

మన కొండపల్లి బొమ్మల వాళ్ల పని చూశారా? తెల్ల పొణికి చెక్కలో చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు ఎక్కడుందో తెలియకుండా దాని మీదే నునుపు చేస్తారు. నేను లప్పం పెట్టి అరగదీసే ప్రతిసారీ ఆ బొమ్మలే గుర్తొస్తాయి. అతుకు కనపడకూడదు అన్న పట్టింపు రెండు చోట్లా ఒకటే.

రంగుల దగ్గరికి వద్దాం. ఇది బాగా నమిలి మింగాల్సిన విషయం.

బ్రిటిష్ పగటి యుద్ధవిమానాలకి 1941 ఆగస్టు నుంచి పైన ముదురు ఆకుపచ్చ, ఓషన్ గ్రే అనే బూడిద రంగు, కింద లేత బూడిద. అంతకుముందు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు. బర్మా రంగంలో ఈ మట్టి రంగు మళ్లీ కనపడుతుంది. మరి నేను చేసే విమానం ఏది? ఉన్నది నలుపు తెలుపు ఫోటో. ఇక్కడ ఫోటో చదవడం నేర్చుకోవాలి. ఓషన్ గ్రే లేత రంగు, ముదురు ఆకుపచ్చ పక్కన స్పష్టంగా తేడా తెలుస్తుంది. మట్టి రంగు, ఆకుపచ్చ మాత్రం నలుపు తెలుపులో దాదాపు ఒకేలా పడతాయి. రెండింటి మధ్య గీతని వెతుక్కోవాల్సి వస్తుంది. నేను అనుసరించిన ఫోటోలో నాకు ఆ గీత వెతుక్కోవాల్సే వచ్చింది. అందుకని మట్టి రంగు వేశాను. ఇంకో సంగతి, పాతకాలపు ఫిల్ముల్లో కొన్ని ఎరుపుని, పసుపుని నల్లగా, నీలాన్ని తెల్లగా చూపిస్తాయి. ఏ ఫిల్మో తెలియకుండా ఫోటో చూసి రంగు తేల్చేయడం తొందరపాటు.

గుండ్రటి గుర్తు చూడండి. ఇంగ్లండ్‌లో విమానాల మీద మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. దీని మీద లేదు. ముదురు నీలం, లోపల లేత నీలం. ఎందుకంటే ఎదురుగా ఉన్న జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యుడు. గాలిలో మూడు వందల మైళ్ల వేగంతో పోతున్నవాడికి ఎరుపు కనపడిందంటే కాల్చేస్తాడు. అందుకని ఎరుపే తీసేశారు. అమెరికన్లు కూడా 1942లో తమ నక్షత్రం మధ్యలోని ఎర్ర చుక్క తీసేశారు. ఆ ఎర్ర సూర్యుడు మనవాళ్లకీ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన విమానాల రెక్కల మీద ఉన్నది అదే గుర్తు. ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఆ రోజుల గురించి విశాఖ వైపు పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు.

రెక్కల మీద, తోక మీద తెల్ల పట్టీలు ఉన్నాయి కదా, అవి కూడా గుర్తుపట్టడానికే. వాటిని మాస్కింగ్ టేప్ పెట్టి వేశాను, అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రంగు మాత్రం మన వాతావరణంలో ఏడిపిస్తుంది. లాకర్ రంగు వానాకాలంలో కొడితే గాలిలోని తేమ పట్టి మీద పాలపొరలా తెల్లబడుతుంది. జూలై, ఆగస్టుల్లో నేను రంగు జోలికి పోను. కోతలు, లప్పం పని పెట్టుకుంటాను. రంగులన్నీ సంక్రాంతి తర్వాత.

నల్ల చిరుత సంగతి చెప్తానన్నాను. దాన్ని నేను డీకాల్‌గా, అంటే నీళ్లలో తడిపి అంటించే స్టిక్కర్‌లా, ప్రింట్ తీయలేదు. చేత్తో వేశాను. గుండ్రటి గుర్తు డీకాల్‌ని ముందు అంటించాను. డీకాల్ కింద గాలి మిగిలితే వెండిలా మెరుస్తుంది, అది చాలా అసహ్యంగా ఉంటుంది. అలా కాకుండా కింద ముందుగా మెరుపునిచ్చే వార్నిష్ కొట్టి నున్నగా చేయాలి. డీకాల్ మెత్తబడి అంటుకోవడానికి అమ్మే ద్రవం దొరక్కపోతే కొద్దిగా వెనిగర్ కూడా పని చేస్తుంది. అది ఆరాక మీద చిరుత. పొడవు సెంటీమీటరు పైచిలుకు. మూడు సున్నాల బ్రష్, అంటే చాలా సన్నటిది, పల్చగా చేసిన నలుపు. ముందు కాగితం మీద నలభైసార్లు వేశాను. వెన్ను గీత ఒకటే దెబ్బలో రావాలి. ఆగి ఆగి వేస్తే చిరుత దూకదు, కూర్చుంటుంది. ఎడమ వైపు మొదటిసారే వచ్చింది. కుడి వైపు మూడుసార్లు తుడిచి వేశాను. నాలుగోసారి వేసినప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, రాత్రి ఒంటిగంట. ఆ వెన్ను గీత కుదిరిన క్షణం కుర్చీలోంచి లేచి మా ఆవిడని నిద్ర లేపి చూపించాను.

యాంటెన్నా తీగ సంగతి అడుగుతారేమో. దీనికి పెట్టలేదు. కానీ తీగ ఉన్న విమానం చేసేవాళ్లకి ఒక పాత ఉపాయం ఉంది. కిట్‌లో భాగాలు అంటుకుని ఉండే చట్రాన్ని స్ప్రూ అంటాం. ఒక ముక్క తీసుకుని కొవ్వొత్తి మంటకి కాస్త పైన తిప్పుతూ వేడి చేసి, మెత్తబడగానే మంట మీంచి తీసి రెండు చేతులతో నిదానంగా లాగండి. పాకంలోంచి తీగ లాగినట్టు వస్తుంది, తల వెంట్రుకంత సన్నగా. పిల్లలు పెద్దవాళ్లు పక్కన లేకుండా చేయొద్దు.

అలాగే రెసిన్ భాగాలు వాడేవాళ్లు మాస్క్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి అరగదీస్తే దుమ్మే లేవదు.

ఆ మూడో వరుసలో బాబు చేయెత్తాడు. చెప్పు నాన్నా. "మన ఇండియా వాళ్లు ఈ విమానం నడిపారా?" చాలా మంచి ప్రశ్న. నడిపారు. ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ 8వ స్క్వాడ్రన్ బర్మా రంగంలో స్పిట్‌ఫైర్ ఎయిట్లు నడిపింది. 1947లో కశ్మీర్ యుద్ధం మొదలైనప్పుడు శ్రీనగర్ నుంచి ఎగిరిన వాటిలో మన స్పిట్‌ఫైర్లు ఉన్నాయి. ఎన్‌హెచ్631 అనే మార్క్ ఎయిట్‌ని మన ఎయిర్‌ఫోర్స్ ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తోంది. నా తర్వాతి మోడల్ అదే. ఈ కోతలన్నీ మళ్లీ దానికి చేయాలి.

ఇంకెవరైనా? అమ్మా, మీరు అడిగింది వినపడింది. "ఇదంతా చేయడానికి చేయి వణక్కూడదు కదా, మాలాంటివాళ్ల వల్ల అవుతుందా" అంటున్నారు. అవుతుందండీ. నా చేయి కూడా వణుకుతుంది. మణికట్టు బల్లకి ఆనించి, మోచేతి కింద పుస్తకం పెట్టుకుని, ఊపిరి వదిలాక కోస్తాను. కోత మొదలుపెట్టే ముందు ఆ భాగం అసలు విమానంలో ఏం పని చేస్తుందో ఒకసారి మనసులో అనుకుంటాను. కీలు గీత అని తెలిస్తే కత్తి తిన్నగా పోతుంది, ఎందుకంటే కీలు వంకరగా ఉండదని మనకి తెలుసు. తలుపు అని తెలిస్తే అంచులు రెండూ సమానంగా రావాలని చెయ్యే జాగ్రత్త పడుతుంది. తెలియకుండా కోస్తేనే గురి తప్పుతుంది.

సరే, టైం అయింది. ఈ బల్ల మీద మూడు పాత కిట్లు తెచ్చాను. అన్నీ మార్క్ నైన్‌లే, సగం అతికించి వదిలేసినవి, పాడైనా బాధలేదు. రంపం ఇక్కడుంది, పళ్లు చాలా సన్నవి, వేలు జాగ్రత్త. కీలు గీత పెన్సిల్‌తో గీసి ఉంచాను. గీతకి ఇటు వైపు కోయాలి, వెనక వైపు. లాగేటప్పుడే కోస్తుంది, తోయొద్దు. బాబూ, నువ్వు రా. రడ్డర్‌తో మొదలుపెడదాం.